పరుగు పందెం కన్నా ముందు ఎముక అతకాలి

ఈ మధ్య ఏ ఊళ్ళో చూసినా తెల్లవారుజామున పరిగెత్తేవాళ్ళు కనిపిస్తున్నారు. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు, విశాఖపట్నంలో ఆర్.కె. బీచి సంగతి సరే. చిన్న పట్టణాల్లో జూనియర్ కాలేజీ గ్రౌండులో కూడా అయిదింటికల్లా పదిమంది చేరుతున్నారు. ఒకప్పుడు నలభైకి దగ్గరపడిన మనిషి రోడ్డు మీద పరిగెత్తుతుంటే బస్సు తప్పిపోతోందనో, కుక్క వెంటపడిందనో అనుకునేవాళ్ళం. ఇప్పుడెవరూ తిరిగి చూడటం లేదు. డాక్టరుగా నాకిది సంతోషం కలిగించే మార్పే. అయితే దీనితోపాటే మా ఆసుపత్రి ఎముకల విభాగానికి ఒక కొత్త రకం రోగి రావడం మొదలయింది. పడలేదు, దెబ్బ తగలలేదు, స్కూటరు గుద్దలేదు. అయినా ఎముక బీటవారింది!

అటువంటి ఒక పాఠకుడు వ్రాసిన ఉత్తరానికే ఈ వారం పేజీ మొత్తం కేటాయిస్తున్నాను. ఇదే ప్రశ్నను ఇంకా కొందరు వేరు వేరు మాటల్లో అడిగారు. వాళ్ళందరికీ ఇదే జవాబు.

ఒంగోలు నుంచి వ్రాసిన ఈ సోదరుడి వయస్సు 38. బ్యాంకులో ఉద్యోగం. తండ్రిగారు 53వ ఏట గుండెపోటుతో పోయారు. తనకూ ఆ వయస్సు దగ్గరపడుతోందన్న భయంతో నిరుడు జూలైలో నడక ప్రారంభించి, ఆగస్టులో పరుగులోకి దిగి, అక్టోబరు చివరికి ప్రతి ఆదివారమూ 18 కిలోమీటర్లు పరిగెత్తసాగారు. అప్పుడు ఎడమకాలి లోపలివైపు, చీలమండకు జానెడు పైన నొప్పి మొదలయింది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నారు గదా అని మందుల షాపులో డైక్లోఫినాక్ మాత్రలు కొని, వేసుకుని, మరో మూడు వారాలు పరిగెత్తారు. చివరికి కుంటుకుంటూ వెళ్ళి ఎమ్.ఆర్.ఐ. తీయించుకుంటే, టిబియా అనే పెద్ద ఎముకలో సన్నని బీట ఉన్నట్టు తేలింది. దీన్నే మేము స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. ఎనిమిది వారాల విశ్రాంతి తర్వాత ఇప్పుడు నడిస్తే నొప్పి లేదట. ఆగస్టులో హైదరాబాదులో జరిగే పూర్తి మారథాన్ పరిగెత్తాలనీ, అందుకు తగిన పట్టిక వేసి పంపమనీ కోరారు. "పరుగు మానేస్తే నాన్నగారికి అయినట్టే నాకూ అవుతుందేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అని కూడా వ్రాశారు.

ఉత్తరం చివర వేరే సిరాతో, వేరే చేతివ్రాతతో రెండు పంక్తులున్నాయి. "ఈయన నా మాట వినరు డాక్టరు గారూ. పరుగు వద్దని మీరే వ్రాయండి."

అమ్మా, పరుగు వద్దని నేను వ్రాయను. నాయనా, ఆగస్టులో 42 కిలోమీటర్లు పరిగెత్తమని కూడా వ్రాయను. మీ ఇద్దరికీ నచ్చని ఆ జవాబుకు కారణాలు చెబుతాను, వినండి.

ముందుగా ఆ నిద్రపట్టని రాత్రుల సంగతి. గుండె బాగుండటానికి మారథాన్ అక్కర్లేదు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత చురుగ్గా నడవడం. అంతకు రెట్టింపు చేస్తే ఇంకా మంచిది. మీరు రోడ్డు మీద ఉన్నారా, సైకిలు మీద ఉన్నారా, మునిసిపాలిటీవారి ఈతకొలనులో ఉన్నారా అన్నది గుండెకు తెలియదు. రక్తం ఎంత పంపాలన్నదొక్కటే దానికి తెలుసు. కనుక కాలు అతికేవరకూ సైకిలు తొక్కినా, ఈతకొట్టినా గుండెకు మీరు బాకీ పడరు. ఇల్లు కదలడానికి వీల్లేనివారికి కదలని సైకిళ్ళు కూడా దొరుకుతున్నాయి.

అయితే తండ్రికి 55 ఏళ్ళలోపు గుండెపోటు రావడాన్ని మేము తేలికగా తీసుకోం. పరుగు మళ్ళీ మొదలుపెట్టే ముందే రక్తపోటు, పరగడుపున చక్కెర, కొలెస్టరాల్ చూపించుకుని, ఇ.సి.జి. తీయించుకోండి. డాక్టరు అవసరమంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టి.ఎమ్.టి. పరీక్ష కూడా చేయించుకోండి. అది బాగుందని ఇచ్చిన కాగితం జీవిత బీమా పాలసీ కాదు సుమా! పరుగులో గుండెల మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. మనవాళ్ళలో చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి ఇంటికి పోతారు. మీ తండ్రిగారి చరిత్ర తెలిసిన మీరు ఆ పని చేయకూడదు.

ఇక ఎముక. ఎముక అంటే రాయి అనుకుంటారు చాలామంది. అది రాయి కాదు, జీవమున్న పదార్థం. ప్రతిరోజూ అందులో కొంత పాతది తీసివేయబడుతూ, ఆ స్థానంలో కొత్తది కట్టబడుతూ ఉంటుంది. ఈ పని చేసే కణాలు రెండు రకాలు. ఒక రకం తవ్వే కూలీలు, రెండో రకం కట్టే తాపీవాళ్ళు. మీరు పరుగు మొదలుపెట్టగానే కొత్త బరువు పడుతోందని ఎముకకు కబురందుతుంది. గట్టిగా కట్టాలంటే ముందు పాతది తవ్వాలి గదా. తవ్వకం సుమారు మూడు వారాల్లో అయిపోతుంది. కట్టడం మటుకు మూడు నెలల దాకా పడుతుంది. మన మునిసిపాలిటీవారు రోడ్డు తవ్వి, కంకర పోసి, తారు వేయడం మరచిపోయిన వీధిని తలచుకోండి. తవ్వకానికీ తారుకీ మధ్య ఆ వీధిలో బరువు లారీలు తిరిగితే ఏమవుతుంది? కొత్తగా పరిగెత్తేవారి ఎముకలో జరిగేది అదే. గట్టిపడటానికి ముందు అది కొన్నాళ్ళు బలహీనపడుతుంది. ఆ రోజుల్లోనే మనం దూరం పెంచుతాం.

ఎందుకు పెంచుతాం? ఆయాసం తగ్గింది కనుక! గుండె, ఊపిరితిత్తులు, కండరాలు పుంజుకోవడానికి వారాలు చాలు. ఎముకకూ, కండరాన్ని ఎముకకు కట్టే నరాల వంటి స్నాయువులకూ నెలలు కావాలి. మొదటి నెలలో రెండు కిలోమీటర్లకే రొప్పిన మనిషి మూడో నెలలో పది కిలోమీటర్లు కబుర్లు చెబుతూ పరిగెత్తగలడు. అప్పుడు ఒళ్ళంతా సిద్ధమయిందని భ్రమపడతాడు. ఊపిరి ఇచ్చిన ధైర్యానికి ఎముక జరిమానా కడుతుంది. ఈ సోదరుడు మూడు నెలల్లో సున్నా నుంచి 18 కిలోమీటర్లకు వెళ్ళారు. వారి గుండె అందుకు ఒప్పుకుంది. టిబియా ఒప్పుకోలేదు.

పిక్క కండరానికి కూడా ఇందులో భాగం ఉంది. పరుగులో కాలు నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు తాకిడి పడుతుంది. పూర్తి మారథాన్‌లో రెండు కాళ్ళూ కలిసి సుమారు నలభై వేల అడుగులు పడతాయి. ఆ తాకిడిలో కొంత పిక్క కండరం స్ప్రింగులా తీసుకుని ఎముకను కాపాడుతుంది. అది అలసిపోతే మొత్తం ఎముక మీదే పడుతుంది. కనుక బలహీనమైన పిక్కతో దూరం పోవడమంటే స్ప్రింగులు పోయిన బండి మీద గతుకుల రోడ్డున వెళ్ళడమే.

ఎక్స్‌రేలో ఏమీ లేదని చెప్పిన డాక్టరు తప్పు చెప్పలేదు. ఈ రకం బీట మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు. కొందరిలో ఆ తర్వాత కూడా కనిపించదు. ఎమ్.ఆర్.ఐ.లో తొందరగా తెలుస్తుంది. అందరూ ఆ ఖర్చు భరించలేరు, భరించనక్కర్లేదు కూడా. ఎముక మీద ఒక్కచోట వేలితో నొక్కితే నొప్పి ఉండి, ఎక్స్‌రే బాగుంటే, బీట ఉందనే భావించి పరుగు ఆపి, మూడు వారాల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయించుకోవచ్చు. అప్పటికి అతుకుపడుతున్న గుర్తు కనిపించే అవకాశం ఉంది. ఈ నియమానికి మినహాయింపు ఒకటుంది. పరిగెత్తేటప్పుడు గజ్జలో గాని, తుంటిలో గాని లోతుగా నొప్పి వస్తే మూడు వారాలు చూద్దామనడం ప్రమాదం. తొడ ఎముక మెడ దగ్గర బీట ఉంటే అది పూర్తిగా విరిగి ఆపరేషను దాకా పోవచ్చు. ఆ కాలి మీద బరువు మోపకుండా ఆ రోజే ఎముకల డాక్టరును కలవాలి. టిబియా ముందువైపు అంచున, పాదం పైభాగం మధ్యలో వచ్చే బీటలు కూడా మొండివే. ఈ సోదరుడిది లోపలి అంచున, కింది భాగంలో ఉంది. చెడులో మంచి ఏమంటే ఇది సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల్లో కుదురుతుంది.

నొప్పి మాత్రల విషయంలో ఎన్నిసార్లు వ్రాసినా మళ్ళీ వ్రాయక తప్పడం లేదు. నొప్పి అనేది ఎముక కొట్టే గంట. మాత్ర వేసుకుంటే ఆ గంట వినిపించదు, బీట మటుకు పెరుగుతూనే ఉంటుంది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకుని ఎండలో చెమటోడ్చి గంటల తరబడి పరిగెత్తితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. పందెం రోజున "ముందుజాగ్రత్తగా" ఒక మాత్ర వేసుకునే అలవాటు కొన్ని బృందాల్లో ఉందని విన్నాను. మాత్ర వేసుకుంటే తప్ప పరిగెత్తలేని రోజు పరిగెత్తవలసిన రోజు కాదు.

ఇక ఏడాది పట్టిక. ఆగస్టు ఎందుకు వద్దంటున్నానో ముందు చెబుతాను. ఆగస్టు చివర పందెమంటే పెద్ద పెద్ద దూరాలు మే, జూన్, జూలై నెలల్లో పరిగెత్తాలి. ఒంగోలు మే నెల ఎండలో, అప్పుడే అతికిన ఎముకతో 25 కిలోమీటర్లా? హైదరాబాదు రోడ్ల ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు సరేసరి. దాని బదులు వచ్చే జనవరి పెట్టుకోండి. ముంబయిలో జనవరి నెలలో మారథాన్ జరుగుతోంది. అలా పెట్టుకుంటే ఎండాకాలం చిన్న దూరాలకు, వానాకాలం మధ్య దూరాలకు, చలికాలం పెద్ద దూరాలకు సరిపోతుంది. ఎముక అడిగే వ్యవధి, మన ఋతువులు రెండూ కలిసివస్తాయి.

ఒక్క షరతు. నేను చెప్పే నెలలు అంచనాలు మాత్రమే. నెల మారింది కనుక తర్వాతి మెట్టు ఎక్కుతాననకూడదు. ఈ మెట్టు మీద నొప్పి లేదు కనుక ఎక్కుతున్నానని చెప్పగలగాలి.

ఫిబ్రవరిలో పరుగు లేదు, పరీక్షలున్నాయి. బొటనవేలితో ఎముక లోపలి అంచు వెంబడి పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. ఎక్కడా నొప్పి ఉండకూడదు. చురుగ్గా 45 నిమిషాలు నడిస్తే అప్పుడు గాని, ఆ రాత్రి గాని, మర్నాడు పొద్దున గాని నొప్పి ఉండకూడదు. ఇలా వరసగా ఒక వారం గడవాలి. ఆ తర్వాత మీ డాక్టరు గాని, ఫిజియోథెరపిస్టు గాని ఉండగా ఆ ఒక్క కాలి మీద పదిసార్లు గెంతి చూడాలి. ఈ మూడూ దాటితేనే పరుగు. ఈలోగా సైకిలు, ఈత ఎలాగూ ఉన్నాయి.

ఈ నెలలోనే పిక్కల పని మొదలుపెట్టండి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద నెమ్మదిగా లేచి, అంతకన్నా నెమ్మదిగా దిగాలి. మొదట రెండు కాళ్ళ మీద, తర్వాత ఒక్కొక్క కాలి మీద. పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. మోకాలు కొంచెం వంచి చేస్తే లోపలి పిక్క కండరం కూడా బలపడుతుంది. మెట్టు ఎక్కి దిగడం, కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, ఒత్తిగిలి పడుకుని పైకాలు ఎత్తడం, ఇవి తొడలకూ తుంటికీ. వీటికి జిమ్ము ఫీజు అక్కర్లేదు. పరుగు బాగా సాగుతున్నప్పుడు అందరూ మొదట మానేసేది ఈ వ్యాయామాలనే. జనవరి దాకా మానకండి.

మార్చిలో పరుగు మొదలు. పరుగు అనడం కన్నా నడకలో పరుగు చిలకరించడం అనాలి. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం మెల్లని పరుగు, ఇలా ఆరుసార్లు. మర్నాడు పరుగు వద్దు. రెండుసార్లు నొప్పి లేకుండా గడిస్తే మూడు నిమిషాల నడక, రెండు నిమిషాల పరుగు. అలా పెంచుకుంటూ పోయి ఆగకుండా అరగంట పరిగెత్తడానికి ఏప్రిల్ చివరో, మే మధ్యో అవుతుంది. ఈ రోజుల్లోనే మీకు విసుగు పుడుతుంది. మీతో పరిగెత్తినవాళ్ళు ముందుకుపోతారు, చేతి గడియారం మీరు బద్ధకిస్తున్నారని మందలిస్తుంది. నా సలహా ఏమంటే ఈ మూడు నెలలు ఆ గడియారం బీరువాలో పెట్టి మామూలు గడియారం కట్టుకోండి. పరిగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలన్నది మీబోటివారిని చూసే కాబోలు.

ఏది మామూలు ఒళ్ళు నొప్పి, ఏది ఎముక నొప్పి అన్నది ఇక్కడ తెలిసి ఉండాలి. కండరం నొప్పి సాధారణంగా రెండు కాళ్ళలోనూ ఉంటుంది, అరచేయంత మేర వ్యాపించి ఉంటుంది, కాస్త నడిస్తే సడలుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎముక నొప్పి ఒక్క కాలికే, ఒక్క వేలితో చూపించగలిగినంత చోట ఉంటుంది. పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది. ముదిరితే పడుకున్నా సలుపుతుంది. అది కనిపించిన రోజు పరుగు ఆపి, నొప్పి పూర్తిగా పోయేదాకా ఉండి, ఒక మెట్టు కిందినుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఒకసారి ఇలా బీటవారినవారికి మళ్ళీ బీటవారే అవకాశం తక్కినవాళ్ళ కన్నా ఎక్కువ. అందుకే ఇంత చాదస్తంగా చెబుతున్నాను.

జూన్ నుంచి వారానికి నాలుగు రోజులు పరిగెత్తవచ్చు. అన్నీ కలిపి వారానికి 20 కిలోమీటర్ల నుంచి సెప్టెంబరు చివరికి 40 దాకా. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచి, నాలుగో వారం మూడోవంతు తగ్గించండి. ఆ తగ్గించిన వారం తాపీవాళ్ళది. దూరం పెంచే వారం వేగం పెంచవద్దు, రెండూ ఒకేసారి అసలే వద్దు. హైదరాబాదు వెళ్ళాలన్న కోరిక తీరక బాధగా ఉంటే ఆగస్టులో అక్కడే పది కిలోమీటర్ల పరుగులో పాల్గొనండి. కుటుంబంతో వెళ్ళి రండి. ఆ రాత్రీ, మర్నాడూ ఎముక ఏమంటుందో వినండి. ఏమీ అనకపోతేనే ముంబయి సంగతి ఆలోచించాలి. నొప్పి తిరగబెడితే జనవరిలో సగం మారథాన్‌తో సరిపెట్టుకోవాలి. ఈ నిర్ణయం ఆగస్టు చివర తీసుకుంటానని ఇప్పుడే ఒక కాగితం మీద వ్రాసి మీ శ్రీమతికివ్వండి. డిసెంబరులో, డబ్బు కట్టేసి, రైలు టిక్కెట్లు కొనేసి, ఆఫీసులో అందరికీ చెప్పేశాక మనిషి తన కాలి మాట తను వినడు.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఆదివారపు పరుగును 16 నుంచి మెల్లగా 30 కిలోమీటర్లకు తెచ్చి, పందెం ఇంకా మూడు వారాలుందనగా పెంచడం ఆపి, తగ్గిస్తూ రావాలి. అంత దూరం పరిగెత్తడం మూడుసార్లు చాలు. సాధనలో మొత్తం 42 కిలోమీటర్లు పరిగెత్తి చూసుకోనవసరం లేదు. అసలు ఆ 42.195 అన్న అంకెను ఏ డాక్టరూ మనిషి కాళ్ళు పరీక్షించి నిర్ణయించలేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర బయలుదేరి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగించేలా దారి వేస్తే అంత తేలింది. 1921లో దాన్నే స్థిరపరిచారు. మీ టిబియా ఆ అంకెకు లొంగి ఉండాలని ఏమీ లేదు.

బూట్ల గురించి అడిగారు. ఎంత ఖరీదైన బూటూ తొందరపాటుకు విరుగుడు కాదు. కాలికి సరిపోయి, వేళ్ళు ఆడేటంత చోటుండి, అరిగిపోకుండా ఉంటే చాలు. బూట్లే వద్దని ప్రచారం చేసేవాళ్ళూ ఉన్నారు. మన శివనాథ్ సింగ్ వట్టి కాళ్ళతో పరిగెత్తి పేరు తెచ్చుకున్నాడు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానంలో వచ్చాడు, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేసి నలభై ఏళ్ళకు పైగా చెక్కుచెదరని జాతీయ రికార్డు నెలకొల్పాడు. నిజమే. కాని ఆయన సైన్యంలో ఏళ్ళ తరబడి రాటుదేలిన మనిషి. రోజంతా బ్యాంకు కుర్చీలో కూర్చునే మనం ఒక ఆదివారం పొద్దున బూట్లు విప్పేస్తే శివనాథ్ సింగ్‌లం కాము.

ఆహారం సంగతి వచ్చేసరికి నాకు కోపం వస్తుంది. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసి, పొద్దున్నే వట్టి కడుపుతో 15 కిలోమీటర్లు పరిగెత్తానని ఈయన గర్వంగా వ్రాశారు. తాపీవాళ్ళకు ఇటుక, సిమెంటు ఇవ్వకుండా గోడ కట్టమంటే ఎలా? ఖర్చయినంత తిండి లేకపోతే శరీరం మొదట ఎముక పనే ఆపేస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. వంద గ్రాముల రాగిపిండిలో 340 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. అరలీటరు పాలలో గాని, అంత పాల పెరుగులో గాని సుమారు 600 ఉంటుంది. రాగి సంకటో జావో, రెండు పూటలా గడ్డ పెరుగు, నువ్వుల పొడి, ఆకుకూరలు, పప్పు, తినేవారికి గుడ్డు, చిన్న చేపలు ఉంటే కాల్షియం మాత్రల అవసరం చాలామందికి రాదు. పరుగుకు ముందు ఒక అరటిపండు, వచ్చిన గంటలోపు ఇడ్లీలో, పెసరట్టో కడుపునిండా తినాలి.

'డి' విటమిన్ మటుకు రక్తపరీక్ష చేయించి చూడండి. తెల్లవారక ముందు పరిగెత్తి, పగలంతా ఆఫీసులో ఉండేవారిలో అది తక్కువగా ఉండటం మామూలే. అలాగని ఆరు లక్షల యూనిట్ల ఇంజక్షన్లు నెలకొకటి చొప్పున సొంతంగా పొడిపించుకునేవారున్నారు. అతిగా చేరితే అదీ విషమే. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు పాడవుతాయి. ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు చెప్పాలి.

పరిగెత్తే ఆడవారికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట. పరుగు పెంచిన తర్వాత నెలసరి తప్పుతూ ఉన్నా, ఆగిపోయినా "ఒళ్ళు తేలికయింది, మంచిదే" అనుకోకండి. అది తిండి చాలడం లేదని శరీరం పంపే నోటీసు. హార్మోను తగ్గితే ఎముక పలచబడుతుంది. కాలేజీ జట్లలో పరిగెత్తే ఆడపిల్లల తల్లులు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. పిల్లలు తమంతట తాము చెప్పరు.

నీళ్ళ గురించి రెండు రకాల పొరపాట్లు చూస్తున్నాం. అసలు తాగకపోవడం ఒకటి, కనిపించిన ప్రతి బల్ల దగ్గరా ఆగి సీసాలకు సీసాలు తాగడం రెండోది. గంటల తరబడి నెమ్మదిగా పరిగెత్తేవారు దాహానికి మించి వట్టి నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి, వాంతులు, మగత, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. దాహమైనప్పుడు తాగండి. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉన్నదే. పక్కన పరిగెత్తే మనిషి ఎండకు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీళ్ళు పోసి, విసురుతూ, అంబులెన్సు కోసం 108కి ఫోను చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

జనవరి పందెం పూర్తిచేసిన తర్వాత రెండు వారాలు పరుగు లేదు. నడక, సైకిలు మాత్రమే. పతకం మెళ్ళో వేసుకున్న ఉత్సాహంలో మర్నాటినుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు మార్చికల్లా మా గుమ్మం ఎక్కుతుంటారు. మూడో వారం అరగంట మెల్లని పరుగుతో ప్రారంభించి, ఎముక మీద బొటనవేలి పరీక్ష మళ్ళీ చేసుకుని, అప్పుడు తర్వాతి ఏడాది గురించి ఆలోచించవచ్చు.

పొద్దున లేవగానే మొదటి అడుగుకు మడమలో పొడిచినట్టుందని వ్రాసిన రాజమహేంద్రవరం, నిజామాబాదు సోదరీమణులకు: మీ లక్షణాలు వేరు, అది ఎముక బీటలా లేదు. ఈలోగా వట్టి కాళ్ళతో గచ్చు మీద నిలబడి వంట చేయకండి, ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోండి. వివరంగా వచ్చే వారం వ్రాస్తాను.